105 మైక్రోఆంపుల దగ్గర ఆగిపోయిన డయోడ్

మా ఈడీసీ (ఎలక్ట్రానిక్ డివైజెస్ అండ్ సర్క్యూట్స్) ల్యాబులో ఒకమ్మాయి గ్రాఫు తెచ్చి చూపించింది. 1ఎన్4148 డయోడ్ ఫార్వర్డ్ కర్వ్, అంటే కరెంట్ పారే దిశలో వోల్టేజి పెంచుతూ కొలిచిన కరెంట్ గీత. అర వోల్టు దాకా చక్కగా లేచి, అక్కడి నుంచి బల్లపరుపుగా సాగింది. "సాచురేషన్‌కి వచ్చేసింది మేడమ్" అంది, కరెంట్ ఇక పెరగదని. రికార్డులోనూ అలాగే రాసుకుంది. ఫార్వర్డ్‌లో డయోడ్ అలా సాచురేట్ కాదు. గీత ఆగినచోట కరెంట్ ఎంతుందో చూడమన్నాను. 105 మైక్రోఆంపులు. ఆ అంకె డయోడ్‌ది కాదు, కీత్‌లీ 2400 సోర్స్ మీటర్‌ది, అంటే వోల్టేజి ఇస్తూనే కరెంట్ కొలిచే పరికరానిది. రీసెట్ కమాండ్ అందగానే ఆ మీటరు తనంతట తాను పెట్టుకునే కరెంట్ కంప్లయన్స్, అంటే కరెంట్ ఇంతకి మించకూడదన్న హద్దు, అది. దాన్ని మార్చే లైను ప్రోగ్రాములో లేదు.

బ్రెడ్‌బోర్డు, ఆర్‌పీఎస్ (పవర్ సప్లై), రెండు మీటర్లు, గ్రాఫు షీటు ఉన్న రోజుల్లో ఈ పొరపాటు జరిగేది కాదు. ముల్లు కదలకపోతే పిల్లలకి అనుమానం వచ్చేది. ఇప్పుడు స్క్రీన్ మీద నున్నటి గీత వస్తే నమ్మేస్తున్నారు. 17 ఏళ్లుగా ల్యాబు చూస్తున్నదాన్ని, నాకు ఇది చిన్న విషయంగా అనిపించదు. అందుకే సోర్స్ మీటర్‌ని పైథాన్‌తో నడిపేటప్పుడు మా దగ్గర ఒక వరస పెట్టాను. ముందు రెసిస్టర్, తర్వాత ఖాళీ క్లిప్పులు, ఆ తర్వాతే డివైజ్. ఎంత తొందరున్నా ఈ వరస తప్పనివ్వను.

మొదట మీటరు కంప్యూటర్‌తో మాట్లాడాలి. పైథాన్‌లో మీటర్లతో మాట్లాడించే పైవీసా లైబ్రరీ వేసుకోండి. దాని కింద ఎన్ఐ వీసా గానీ, ఉచితంగా దొరికే పైవీసా-పై గానీ ఉండాలి. జీపీఐబీ (ల్యాబు పరికరాలని కంప్యూటర్‌కి కలిపే) కేబుల్ అయితే 2400 చిరునామా కంపెనీ నుంచి వచ్చేటప్పుడు 24. సీరియల్ కేబుల్ అయితే బాడ్ రేటు (డేటా పంపే వేగం), లైను చివర పంపే టెర్మినేటర్ రెండూ మీటర్ మెనూలో ఉన్నవే ప్రోగ్రాములోనూ ఉండాలి. టెర్మినేటర్ కలవకపోతే మీటరు పలకదు, టైమ్‌అవుట్ (జవాబు కోసం ఆగే గడువు అయిపోయిందన్న తప్పు) వస్తుంది. పిల్లలు కేబుల్ పాడైందని మార్చేస్తుంటారు. కేబుల్ జోలికి పోయేముందు ఈ సెట్టింగు చూడండి. ముందుగా పంపాల్సింది నువ్వెవరని మీటరుని అడిగే స్టార్ ఐడీఎన్ ప్రశ్న ఒక్కటే. కంపెనీ పేరు, మోడల్, సీరియల్ నంబరు తిరిగొచ్చేదాకా ఇంకేమీ రాయకండి.

టైమ్‌అవుట్ గురించే ఇంకో మాట. పైవీసా మామూలుగా 2 సెకన్లే ఆగుతుంది. ఒక్కో రీడింగుకి ఎంత సమయం కొలవాలన్నది ఎన్‌పీఎల్‌సీ అనే సెట్టింగు చెబుతుంది. 1 అంటే కరెంటు సరఫరాలో ఒక సైకిల్, మన 50 హెర్ట్‌జ్‌కి 20 మిల్లీసెకన్లు. 10 పెడితే 200 మిల్లీసెకన్లు. మొత్తం స్వీప్‌ని, అంటే వోల్టేజిని మెట్టుమెట్టుగా మారుస్తూ కొలిచే పనిని, మీటరుకే అప్పగించి 81 పాయింట్లు ఒకేసారి అడిగితే కొలతకే 16 సెకన్లు పైన. ఆటో జీరో (ప్రతి రీడింగుకీ మీటరు తన సున్నాని సరిచూసుకోవడం) ఆన్‌లో ఉంటే దాదాపు మూడింతలు. అందుకని ముందు కాగితం మీద లెక్క వేసుకుని టైమ్‌అవుట్ 90 సెకన్లు పెట్టండి. మీటరులో లైన్ ఫ్రీక్వెన్సీ 60కి ఉందేమో కూడా చూడండి. 60కి ఉంటే కొలిచే సమయం మన సైకిల్‌కి సరిపోదు, సరఫరా హమ్ రీడింగులో కలుస్తుంది.

ప్రోగ్రాము రాసేటప్పుడు మొట్టమొదట అవుట్‌పుట్ ఆపే లైను రాయిస్తాను. పైథాన్‌లో ఫైనల్లీ అనే భాగం ఉంది కదా, అందులో. మధ్యలో తప్పొచ్చి ప్రోగ్రాము ఆగిపోయినా అవుట్‌పుట్ ఆఫ్ కావాలి. ఈ మీటరు 200 వోల్టుల దాకా ఇస్తుంది. ప్రోగ్రాము ఆగింది కదా అని పిల్లవాడు క్లిప్పు మీద చెయ్యి వేసే అవకాశం నేను ఉంచను.

ఇప్పుడు రెసిస్టర్. 1 శాతం మెటల్ ఫిల్మ్ 1 కిలో ఓమ్ పెట్టి మైనస్ 1 వోల్టు నుంచి ప్లస్ 1 దాకా స్వీప్ చేయండి. కంప్లయన్స్ 10 మిల్లీఆంపులు. రెండు చివర్లా 1 మిల్లీఆంపు రావాలి, గీత సున్నా మీదుగా పోవాలి. మీటరు పంపే ఒక్కో జవాబులో అయిదు అంకెలుంటాయి: వోల్టేజి, కరెంట్, రెసిస్టెన్స్, సమయం, స్టేటస్. రెసిస్టెన్స్ కొలవమని చెప్పలేదు గనక ఆ స్థానంలో 9.91 పక్కన పది 37వ ఘాతం అనే దిక్కుమాలిన సంఖ్య వస్తుంది. దాన్ని పొరపాటున గ్రాఫులోకి ఎక్కిస్తే మిగతా పాయింట్లన్నీ నేలకి అతుక్కుపోతాయి. ఆ తప్పులన్నీ డయోడ్ దాకా రాకుండా రెసిస్టర్ దగ్గరే బయటపడాలి.

తర్వాత రెసిస్టర్ తీసేసి, క్లిప్పులు అలాగే ఉంచి, మైనస్ 20 నుంచి ప్లస్ 20 వోల్టుల దాకా మళ్లీ నడపండి. ఏమీ లేనప్పుడు వచ్చే కరెంట్ మీ కేబులుది, బోర్డుది. మా ఊరు సముద్రం పక్కన. వానాకాలంలో బ్రెడ్‌బోర్డు మీద 20 వోల్టులకి 4 నానోఆంపులు చూశాను. బోర్డుని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, ఆరబెట్టి మళ్లీ కొలిస్తే బాగా తగ్గింది. 2400లో అన్నిటికంటే చిన్న కరెంట్ రేంజి 1 మైక్రోఆంపు. అందులో 10 పికోఆంపుల దాకా అంకె కనిపిస్తుంది కానీ, ఆ రేంజిలో కొన్ని వందల పికోఆంపుల తేడా మీటరుకే ఉండొచ్చు. కాబట్టి ఖాళీ కొలతని ఫైలుగా దాచండి. డయోడ్ లీకేజీ (రివర్స్‌లో, అంటే ఎదురు దిశలో, కారే కొద్దిపాటి కరెంట్) ఈ ఖాళీ కొలతకి కనీసం పదింతలు లేకపోతే నేను దాన్ని లీకేజీగా ఒప్పుకోను.

ఇక డయోడ్. సున్నా నుంచి 0.8 వోల్టుల దాకా 10 మిల్లీవోల్టుల మెట్లు, కంప్లయన్స్ 50 మిల్లీఆంపులు. ఆ అమ్మాయి ఇలా మార్చి నడిపితే 10 మిల్లీఆంపులు 0.73 వోల్టుల దగ్గర వచ్చాయి. సున్నాకి దగ్గరగా కరెంట్ చాలా తక్కువ. అక్కడ ఆటోరేంజి (మీటరే తగిన రేంజి ఎంచుకునే సెట్టింగు) ఉంచి, రేంజి మారాక కాస్త ఆగి చదవాలి. మెట్టుకి 50 మిల్లీసెకన్ల ఆలస్యం మాకు సరిపోయింది. పైకి ఒకసారి, కిందికి ఒకసారి కొలవండి. రెండు గీతలూ ఒకదానిమీద ఒకటి పడకపోతే, ఆలస్యం చాలలేదని గానీ డివైజ్ వేడెక్కిందని గానీ అర్థం.

వేడి సంగతి 1ఎన్4007ని 1 ఆంపు దాకా తీసుకెళ్తే బాగా తెలుస్తుంది. దాదాపు ఒక వాట్ దానిలోనే ఖర్చవుతుంది. సిలికాన్ జంక్షన్ వోల్టేజి డిగ్రీకి సుమారు 2 మిల్లీవోల్టులు పడిపోతుంది. డేటాషీట్ల కింద చిన్న అక్షరాల్లో పల్స్ 300 మైక్రోసెకన్లు, డ్యూటీ (పల్సు ఆన్‌లో ఉండే వంతు) 2 శాతం అని రాసేది ఇందుకే. అంత పొట్టి పల్సులు మన దగ్గర కుదరకపోతే కనీసం ఎక్కువ కరెంట్ పాయింట్ల మధ్య అవుట్‌పుట్ ఆపి చల్లారనివ్వండి. అదే 1 ఆంపు దగ్గర తీగల రెసిస్టెన్స్ 0.3 ఓమ్ ఉన్నా 0.3 వోల్టులు తప్పు వస్తుంది. అప్పుడు నాలుగు తీగల పద్ధతి (రెండు తీగల్లో కరెంట్ పంపి, వేరే రెండిటితో వోల్టేజి కొలవడం) పెట్టాలి, ప్రోగ్రాములో రిమోట్ సెన్స్ ఆన్ చేయాలి. తీగలు కలిపి ఆ లైను మర్చిపోయినా, లైను రాసి తీగలు మర్చిపోయినా కొలత చెడుతుంది.

గ్రాఫు లాగ్ స్కేల్‌లో గీయండి. మామూలు స్కేల్‌లో ఏ డయోడ్ అయినా ఒకేలా కనిపిస్తుంది. లాగ్‌లో 1 మైక్రోఆంపు నుంచి 1 మిల్లీఆంపు దాకా సరళరేఖ రావాలి. పైన వంగితే సిరీస్ రెసిస్టెన్స్, కింద గజిబిజి అయితే మీ ఖాళీ కొలత. కరెంట్ పదింతలు కావడానికి ఎన్ని మిల్లీవోల్టులు పట్టిందో చదవండి. 1ఎన్4148కి 110 పైచిలుకు వస్తుంది. అదేచోట బీసీ547 ట్రాన్సిస్టర్‌లో బేస్, కలెక్టర్ కలిపేసి డయోడ్‌లా కొలిస్తే 30 డిగ్రీల గదిలో 60 మిల్లీవోల్టులు రావాలి. ఈ 60 నాకు ఎంతో ఇష్టమైన కొలత. బోల్ట్‌జ్‌మాన్ స్థిరాంకం, ఎలక్ట్రాన్ ఆవేశం, గది ఉష్ణోగ్రత, ఈ మూడే కలిసి ఇచ్చే అంకె మూడు రూపాయల ట్రాన్సిస్టర్‌లోంచి మన బల్ల మీద బయటికొస్తుంది. అది సరిగ్గా వచ్చిన రోజు మీ సెటప్ మొత్తాన్ని నమ్మొచ్చు.

రివర్స్ కొలిచేటప్పుడు దీపం గురించి మర్చిపోకండి. 1ఎన్4148 గాజు గొట్టంలో ఉంటుంది, వెలుతురు లోపలికి పోతుంది. పాత చోక్ ట్యూబ్‌లైటు కింద ఎన్‌పీఎల్‌సీ 0.01 పెడితే లీకేజీ వణుకుతూ కనిపించింది. ట్యూబ్ సెకనుకి 100 సార్లు మినుకుతుంది కదా. 1కి పెడితే వణుకు పోయింది కానీ అదనపు కరెంట్ పోలేదు. డయోడ్ మీద నల్లగుడ్డ కప్పితేనే పోయింది. గది వేడెక్కినా లీకేజీ పెరుగుతుంది, సుమారు పది డిగ్రీలకి రెట్టింపు. ఏసీ ఉన్న రోజు, లేని రోజు కొలతల్ని ఉష్ణోగ్రత రాసుకోకుండా పోల్చకండి.

మాస్‌ఫెట్ అనే ట్రాన్సిస్టర్‌కి రెండు సోర్స్ మీటర్లు కావాలంటారు. థ్రెషోల్డ్ (అది ఆన్ కావడం మొదలయ్యే గేటు వోల్టేజి) మాత్రమే కావాలంటే ఒకటి చాలు. 2ఎన్7000లో గేటు, డ్రెయిన్ కలిపి స్వీప్ చేసి, 1 మిల్లీఆంపు దగ్గర వోల్టేజి చదవండి. డేటాషీట్ పద్ధతి కూడా అదే. 0.8 నుంచి 3 వోల్టుల మధ్య ఎక్కడైనా రావొచ్చు, ఒకే పట్టీలోని ముక్కలకీ తేడా ఉంటుంది. గేటు దగ్గర 100 ఓమ్‌ల రెసిస్టర్ పెట్టండి, లేకపోతే పొడవాటి తీగలతో ఆసిలేట్ అయి గీతలో అర్థంకాని గంతులొస్తాయి.

సోర్స్ మీటర్ లేని కాలేజీల పిల్లలు నిరాశపడకండి. ఢిల్లీలోని ఇంటర్ యూనివర్సిటీ యాక్సిలరేటర్ సెంటర్‌లో తయారైన ఎక్స్‌పైస్ అనే చిన్న పరికరం పైథాన్‌తోనే నడుస్తుంది, సాఫ్ట్‌వేర్ ఉచితం. ఎక్స్‌పైస్-17లో పీవీ1 (వోల్టేజి ఇచ్చే టెర్మినల్) నుంచి 1 కిలో ఓమ్ ద్వారా డయోడ్‌కి వోల్టేజి ఇచ్చి, డయోడ్ పైన వోల్టేజిని ఏ1 (వోల్టేజి కొలిచే టెర్మినల్)తో చదివి, రెండిటి తేడాని 1000తో భాగిస్తే కరెంట్. అయితే ఏ1 ఇన్‌పుట్ రెసిస్టెన్స్ 1 మెగా ఓమ్. డయోడ్ మీద అర వోల్టు ఉంటే అర మైక్రోఆంపు దానిలోకే పోతుంది. అందుకే ఎక్స్‌పైస్ గ్రాఫులో 10 మైక్రోఆంపుల కిందనున్న పాయింట్లని మా పిల్లలచేత కొట్టేయిస్తాను. ఫైలు పేరులో తేదీ, సమయం, డివైజ్ నంబరు, ఫైలు మొదటి వరసల్లో కంప్లయన్స్, ఎన్‌పీఎల్‌సీ, గది ఉష్ణోగ్రత రాయిస్తాను, ఖాళీ కొలత ఫైలు పేరుతో సహా.