ఆండర్సెన్ తండ్రి ఆండర్స్ కానక్కరలేదు: స్కాండినేవియా పేర్లను చదవడం, రాయడం, పిలవడం ఎలా

విశాఖపట్నం ఓడరేవు ఊరు కాబట్టి హాన్సెన్, యెన్సెన్, ఆండర్సన్, యోన్సన్ వంటి పేర్లు ఇక్కడివారికి అప్పుడప్పుడు తారసపడుతూనే ఉంటాయి. షిప్పింగ్ ఏజెంటు ఆఫీసులో పనిచేసేవారికి క్రూ లిస్టులో కనిపిస్తాయి. నార్వే, డెన్మార్క్ యజమానుల ఓడలెక్కిన మన కుర్రవాళ్లకు కెప్టెన్ పేరుగానో, కంపెనీ నుంచి వచ్చిన ఈమెయిలు అడుగున సంతకంగానో ఎదురవుతాయి. బీచ్ రోడ్డు హోటళ్ల రిసెప్షన్‌లో పాస్‌పోర్టు మీద, విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో పుస్తకం అట్ట మీద దర్శనమిస్తాయి. చూడగానే చివరి మాటను ఇంటిపేరుగా, ముందున్నదాన్ని సొంత పేరుగా లెక్కవేసి సాగిపోవడం మనకు అలవాటు. ఈ లెక్క నేటి నార్వే, స్వీడన్, డెన్మార్క్‌ల విషయంలో సాధారణంగా సరిపోతుంది, ఐస్‌లాండ్ విషయంలో తప్పుతుంది, పాత కాగితాల దగ్గరకు వచ్చేసరికి నాలుగు దేశాలలోనూ తప్పుతుంది. అందుచేత అలాంటి పేరు ఏది కనబడినా ముందుగా రెండు ప్రశ్నలు వేసుకోవాలి: ఈ మనిషిది ఏ దేశం, ఏ కాలం?

పద్ధతి మూలంలో చాలా సులువైనది. తండ్రి పేరుకు 'కొడుకు' అనే మాట చేరిస్తే కొడుకు రెండో పేరు, 'కూతురు' అనే మాట చేరిస్తే కూతురి రెండో పేరు తయారవుతాయి. దీన్నే పితృనామం అంటారు. వెయ్యేళ్ల కిందట గ్రీన్‌లాండ్‌లో స్థిరపడిన ఎర్ర ఎరిక్ అసలు పేరు ఎరిక్ థోర్వాల్డ్సన్, అంటే థోర్వాల్డ్ కొడుకు. ఎరిక్ కొడుకు లేఫ్ ఎరిక్సన్ అయ్యాడు, కూతురు ఫ్రేదిస్ ఎరిక్స్‌దోహ్తిర్ అయింది. ఒకే కుటుంబంలో తాతకు, తండ్రికి, పిల్లలకు రెండో పేరు వేరువేరుగా ఉండటం అక్కడ సహజం, ఎందుకంటే ఆ పేరు వంశాన్ని చెప్పదు, ఒక్క తరాన్ని మాత్రమే చెబుతుంది.

ఈ పద్ధతి దేశమంతటా ఈనాటికీ సజీవంగా ఉన్నది ఐస్‌లాండ్‌లో. కొత్తగా వంశనామాలు పెట్టుకోవడాన్ని 1925 నాటి చట్టం అక్కడ ఆపేసింది. యోన్ ఎయినార్సన్, గుద్రూన్ ఓలావ్స్‌దోహ్తిర్ అనే భార్యాభర్తలు ఉన్నారనుకుందాం. వారి కొడుకు పియెతుర్ యోన్సన్ అవుతాడు, కూతురు సిగ్రీదుర్ యోన్స్‌దోహ్తిర్ అవుతుంది. నలుగురికీ నాలుగు రెండో పేర్లు. పెళ్లయినా గుద్రూన్ ఓలావుర్ కూతురిగానే ఉంటుంది. యోన్ పేరు పెట్టుకుంటే ఆమెను అతని కూతురని చెప్పినట్టవుతుంది కనుక ఆ ప్రసక్తే రాదు. ఇలాంటి కుటుంబం హోటల్‌కు వచ్చినప్పుడు పేర్లు కలవడం లేదని పెళ్లి సర్టిఫికెట్ అడగడం, పిల్లలు ఎవరి పిల్లలని ఆరా తీయడం మర్యాద కాదు, అవసరమూ కాదు. ఎవరి పాస్‌పోర్టు వారిది తీసుకుని, విదేశీ అతిథుల వివరాలు ఆన్‌లైన్‌లో పంపేటప్పుడు ఎవరి పేరు వారిది విడిగా ఎక్కిస్తే చాలు.

చేరే ముక్క ఎప్పుడూ ఒకేలా అతకదని కూడా తెలుసుకోవాలి. తండ్రి పేరు ముందుగా షష్ఠీ రూపంలోకి, అంటే 'ఫలానావారి' అనే అర్థమిచ్చే రూపంలోకి మారుతుంది, ఆ తరువాతే 'సన్' గాని 'దోహ్తిర్' గాని వచ్చి చేరుతుంది. యోన్ 'యోన్స్' అవుతాడు కనుక యోన్సన్ అని ఐస్‌లాండ్ అక్షరాలలో రాసినప్పుడు రెండు 'ఎస్'లు పడతాయి. ఫిన్‌బోగి 'ఫిన్‌బోగా' అవుతాడు. 1980లో ప్రజల ఓట్లతో గెలిచి, ప్రపంచంలోనే అలా దేశాధ్యక్షురాలైన మొదటి మహిళగా నిలిచిన విగ్దీస్ ఫిన్‌బోగాదోహ్తిర్ పేరులో ఉన్నది ఆ రూపమే. కాబట్టి పేరు తోక కోసి మిగిలినదే తండ్రి పేరని నిర్ధారించకండి. తల్లి పేరు మీద పెట్టుకునేవారూ ఉన్నారు. ఫుట్‌బాల్ ఆటగాడు హేదర్ హెల్గుసన్ అంటే హెల్గా అనే తల్లి కొడుకు. 2019లో వచ్చిన చట్టం తరువాత తమను స్త్రీ అని గాని పురుషుడని గాని కాకుండా నమోదు చేసుకున్నవారు 'బుర్' అనే ముక్కను వాడుకునే వీలు కలిగింది, దానికి సంతానం అని అర్థం. ఇక 1925కు ముందే వంశనామం ఉన్న కుటుంబాలు, విదేశీ తండ్రి నుంచి పేరు వచ్చినవారు కొద్దిమంది ఉన్నారు. 2006 నుంచి 2009 వరకు ప్రధానిగా ఉన్న గేర్ హోర్దెకు ఆ పేరు నార్వే దేశస్థుడైన తండ్రి నుంచి వచ్చింది.

మిగిలిన మూడు దేశాలలో కథ వేరు. అక్కడ పితృనామం ఒక తరం దగ్గర గడ్డకట్టి ఇంటిపేరుగా మిగిలిపోయింది. డెన్మార్క్‌లో 1526లో రాజు ప్రభువర్గాల వారిని స్థిరమైన పేర్లు పెట్టుకోమన్నాడు, సామాన్యుల విషయంలో 1828 నాటి ఉత్తర్వు అదే చెప్పింది, అయినా పల్లెల్లో పాత అలవాటు మరికొన్ని దశాబ్దాలు సాగింది. స్వీడన్‌లో 1901 శాసనంతో, నార్వేలో 1923 చట్టంతో ఇది పూర్తయింది. ఇప్పటి హాన్సెన్ తండ్రి పేరు హాన్స్ అని అనుకోవడానికి ఏ ఆధారమూ లేదు. ఎన్నో తరాల కిందట ఒక హాన్స్ ఉండేవాడు, అంతే. 1805లో పుట్టిన కథకుడు హాన్స్ క్రిస్టియన్ ఆండర్సెన్‌నే తీసుకోండి, ఆయన తండ్రి పేరు హాన్స్ ఆండర్సెన్. పాత పద్ధతే నడిచి ఉంటే కొడుకు హాన్సెన్ కావలసింది. స్త్రీల పేర్లలోని 'కూతురు' కూడా ఈ గడ్డకట్టడంలో మాయమైంది. 2021లో స్వీడన్‌కు తొలి మహిళా ప్రధాని అయిన మగ్దలేనా ఆండర్సన్ పేరుకు అక్షరార్థం చూస్తే ఆండర్స్ కొడుకు. స్వీడన్‌లో 1983 నుంచి, డెన్మార్క్‌లో ఈ శతాబ్దంలో, కోరుకున్నవారు మళ్లీ నిజమైన పితృనామం పెట్టుకునే వీలు కలిగింది గాని అలాంటివారు తక్కువ.

దేశం తెలియనప్పుడు స్పెల్లింగ్ కొంత చెబుతుంది. పేరు చివరి 'సెన్'లో 'ఈ' అక్షరం ఉంటే డెన్మార్క్ గాని నార్వే గాని అయ్యే అవకాశం ఎక్కువ. చివరి 'సన్'ను రెండు 'ఎస్'లతో రాస్తే స్వీడన్ గాని ఐస్‌లాండ్ గాని కావచ్చు. ఒకే 'ఎస్' ఉన్న ఆండర్సన్, జాన్సన్ సాధారణంగా ఇంగ్లీషు పేర్లు, లేదా అమెరికాకు వలస వెళ్లాక ఒక 'ఎస్' రాలిపోయిన స్వీడిష్ పేర్లు. ఉత్తర జర్మనీలోనూ పీటర్సెన్, హాన్సెన్‌లు కావలసినంతమంది ఉన్నారు కనుక పేరు చూసి జాతీయత రాసేయకండి. ఆ గడి నింపవలసింది పాస్‌పోర్టు చూసి.

ఫారాల దగ్గరే అసలు చిక్కంతా వస్తుంది కనుక దాన్ని నెమ్మదిగా చూద్దాం. ఓడలకు వాడే అంతర్జాతీయ క్రూ లిస్టులో వంశనామానికి ఒక గడి, సొంత పేర్లకు మరో గడి ఉంటాయి. ఐస్‌లాండ్ నావికుడికి వంశనామం లేకపోయినా పాస్‌పోర్టులో ఆ స్థానంలో పితృనామమే అచ్చవుతుంది. మనకున్న తెలివి ఉపయోగించి దాన్ని సవరించబోకూడదు. పాస్‌పోర్టులో ఏ గడిలో ఏది ఉందో ఫారంలో అదే గడిలో అదే ఎక్కించాలి. ఇంటిపేరు ముందా వెనకా అని మన పాస్‌పోర్టులతోనే జీవితమంతా అవస్థ పడిన తెలుగువారికి ఈ సలహా ఎందుకో వేరే చెప్పనక్కరలేదు.

తరువాతి చిక్కు అక్షరాలది. పాస్‌పోర్టు వివరాల పేజీలో పైన డెన్మార్క్ వారి సోరెన్సెన్ పేరులో 'ఓ' అక్షరానికి అడ్డంగా గీత ఉంటుంది, అదే పేజీ అడుగున యంత్రం చదివే రెండు వరుసల్లో ఆ అక్షరం 'ఓ-ఈ' అని రెండు అక్షరాలుగా మారుతుంది. అదే విధంగా 'ఏ' మీద సున్నా ఉంటే 'ఏ-ఏ' అవుతుంది, ఐస్‌లాండ్ వారి 'థోర్న్' అనే అక్షరం 'టీ-హెచ్' అవుతుంది. విమాన టికెట్టు కొన్న ఏజెంటు మాత్రం గీతను పట్టించుకోకుండా ఒట్టి 'ఓ' కొట్టి ఉండవచ్చు. అప్పుడు ఒకే మనిషికి మూడు స్పెల్లింగులు తయారై, సైన్ ఆన్ చేయడానికి, అంటే ఓడలో పనికి చేరడానికి వచ్చిన నావికుడు విమానాశ్రయంలో సంజాయిషీ చెప్పుకోవలసి వస్తుంది. నా అనుభవంలో తేలిన మంచి పద్ధతి ఏమిటంటే, టికెట్టు నుంచి వీసా కాగితం దాకా అన్నిటికీ అడుగు వరుసల్లోని స్పెల్లింగే వాడాలి, పై అక్షరాలను సంబోధనకూ తెలుగు ఉచ్చారణకూ ఉంచుకోవాలి.

మధ్యపేరును కొట్టేయకపోవడం మరో జాగ్రత్త. 1993 నుంచి 2011 వరకు డెన్మార్క్‌ను వరుసగా పాలించిన ముగ్గురు ప్రధానులు పౌల్ న్యూరుప్, ఆండర్స్ ఫోగ్, లార్స్ లోక్కె; ముగ్గురి చివరి పేరూ రాస్‌ముసెన్, ముగ్గురికీ చుట్టరికం లేదు. అక్కడివారు వారిని మధ్యపేర్లతోనే చెప్పుకుంటారు. ఒకే ఓడలో ఇద్దరు యెన్సెన్‌లు ఉన్నప్పుడు జీతం చెక్కు మారిపోకుండా చూసేదీ ఆ మధ్యపేరే.

పిలవడం, ఉత్తరం రాయడం దగ్గరకు వస్తే ఐస్‌లాండ్ వారిని ఎంత పెద్దవారినైనా సొంత పేరుతోనే సంబోధించాలి. అధ్యక్షురాలిని కూడా విగ్దీస్ అనే అన్నారు. 'మిస్టర్ యోన్సన్' అంటే వారికి కోపం రాదు గాని, పేరు ఒకరిది, పిలుపు ఆయన తండ్రిది అయినట్టు వినిపిస్తుంది. సొంత పేరుకు మన 'గారు' చేర్చి 'యోన్ గారు' అంటే రెండు భాషల మర్యాదలూ నిలబడతాయి. ఇంగ్లీషు ఉత్తరంలో గౌరవం మరీ ముఖ్యమైతే పూర్తి పేరు రాయండి. నార్వే, డెన్మార్క్ కెప్టెన్లను 'కెప్టెన్ హాన్సెన్' అనడంలో తప్పేమీ లేదు. స్వీడన్‌లో 1960ల చివర నుంచి అందరూ అందరినీ చనువుగా పిలుచుకునే పద్ధతి స్థిరపడింది కనుక అక్కడి ఇంజనీరు మొదటి ఈమెయిలులోనే మిమ్మల్ని సొంత పేరుతో పలకరిస్తే చులకన చేశాడని అనుకోకండి.

ఉచ్చారణకు రెండు సూచనలు చాలు. 'జె' అక్షరాన్ని 'య'గా పలకాలి: యెన్సెన్, యోన్, బ్యోర్క్. పేరులో ఒత్తు సాధారణంగా మొదటి అక్షరం మీద పడుతుంది.

అకారాది క్రమంలో పేర్చేటప్పుడు ఐస్‌లాండ్ రచయితలను సొంత పేరు కిందే చేర్చాలి. 1179లో పుట్టి 1241లో చనిపోయిన స్నోరి స్తుర్లుసన్ కేటలాగులో 'స్నోరి' దగ్గర ఉంటాడు, 'స్తుర్లుసన్' దగ్గర కాదు. ఆ దేశపు టెలిఫోన్ డైరెక్టరీని కూడా ఇదే వరుసలో వేసి, ఒకే పేరున్నవారిని గుర్తుపట్టడానికి పక్కన వృత్తి రాసేవారు. స్వీడన్, నార్వే, డెన్మార్క్ పేర్లు చివరి మాట కింద వస్తాయి, కాని సున్నాలు, చుక్కలు, గీతలు ఉన్న అదనపు అచ్చులు అక్కడి వర్ణమాలల్లో 'జెడ్' తరువాత ఉంటాయి. వారి జాబితాలో పేరు దొరకడం లేదని వదిలేయకముందు చివరి పేజీ చూడండి.

చరిత్ర విద్యార్థులకు మరో మాట. 1620 నుంచి 1845 వరకు తమిళనాట తరంగంబాడి డెన్మార్క్ చేతిలో ఉంది కనుక ఆ కాలపు కాగితాలు చదివేవారికి పెడర్సెన్‌లు, యెన్సెన్‌లు వరుసగా తగులుతారు. ఆ పితృనామాలు చాలావరకు ఇంకా గడ్డకట్టలేదు. ఇద్దరు పెడర్సెన్‌లు కనబడితే అన్నదమ్ములని గాని, తండ్రీ కొడుకులని గాని రాయకండి. తండ్రీ కొడుకులైతే, తండ్రి సొంత పేరు కూడా పెడర్ అయితే తప్ప, పేరు మారి ఉండవలసిందే. తాత పేరు మనవడికి పెట్టడం మనలాగే వారికీ ఆచారం కాబట్టి ఓలె హాన్సెన్, హాన్స్ ఓలెసెన్, మళ్లీ ఓలె హాన్సెన్ అని పేర్లు తరం విడిచి తరం తిరిగి వస్తాయి, అలా తాతా మనవలను ఒకరిగా కలిపేసే ప్రమాదం ఉంది. పుట్టిన సంవత్సరం, ఊరు కలిస్తేనే ఒకే మనిషి అనుకోవాలి.

నార్వేలో పితృనామం తరువాత మూడో మాటగా ఉండే పొలం పేరు ఆ మనిషి అప్పుడు ఎక్కడ కాపురం ఉన్నాడో చెప్పే చిరునామా. ఓలె హాన్సెన్ బెర్గ్ మరో పొలానికి మారితే ఆ మూడో మాటా మారిపోయేది. స్వీడన్‌లో సైన్యంలో చేరిన ఆండర్సన్‌లను విడదీయడానికి రాస్క్, డోల్క్ వంటి పొట్టి పేర్లు ఇచ్చేవారు, మొదటిదానికి చురుకైనవాడని, రెండోదానికి బాకు అని అర్థం. చదువుకున్నవారు మరో దారి పట్టారు: నీల్స్ ఇంగెమార్సన్ అనే ఆయన విశ్వవిద్యాలయంలో చేరేటప్పుడు తమ భూమిలోని లిండెన్ చెట్టును తలచుకుని లిన్నేయస్ అనే పేరు కట్టుకున్నాడు, మొక్కలకు రెండు మాటల శాస్త్రీయ నామాల పద్ధతిని స్థిరపరచిన కార్ల్ లిన్నేయస్ ఆయన కొడుకే. పెళ్లయిన స్త్రీలు కూడా ఆ కాలంలో పుట్టింటి పితృనామాన్నే ఉంచుకున్నారు, కాబట్టి చర్చి రిజిస్టరులో తల్లి పేరు కనిపిస్తే ఆమె తండ్రి పేరు కూడా దొరికినట్టే. మూడు దేశాల జాతీయ ఆర్కైవులూ ఆ రిజిస్టర్లను ఇంటర్నెట్‌లో ఉచితంగా ఉంచాయి. అక్కడ వెతుకులాట మనిషి పేరుతో మొదలుపెడితే వేలమంది వస్తారు. ముందు చర్చి పరిధి, ఆ తరువాత పొలం లేదా ఊరు, ఆపైన పుట్టిన సంవత్సరం, చివరగా పేరు అనే వరుసలో వెళ్లండి.