తీరం వెంట చేపల రుచి, 3వ పాఠం: ముందు నెల, తర్వాత చేప

తాజా చేపని ఎలా గుర్తుపట్టాలో చెప్పిన రెండో పాఠం చదివి మే నెలలో కాకినాడ వెళ్ళొచ్చినవాళ్ళు చాలామందే ఉన్నారు. తెల్లారకముందే కుంభాభిషేకం రేవుకి చేరితే బోట్లన్నీ కట్టేసి ఉన్నాయట. ఉత్త చేతుల్తో తిరిగి రాలేక ఐసుపెట్టెలోని వంజరం కొన్నారట. మొప్ప ఎర్రగానే ఉంది కదా అని వండితే ముక్క పిండిపిండిగా విడిపోయిందట. తప్పు మీది కాదు. కన్ను చూడమన్నాను, మొప్ప చూడమన్నాను, నెల చూడమని చెప్పలేదు. తీరంలో పుట్టినవాళ్ళం అది వేరే చెప్పుకోం, అందుకే మర్చిపోయాను.

ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, తూర్పు తీరమంతా వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలం అది. మరపడవలు, ఇంజను పడవలు కదలవు. ఇంజను లేని తెప్పలకి అడ్డు లేదు కాబట్టి ఒడ్డు దగ్గర దొరికే నెత్తళ్ళు, కవళ్ళు వస్తూనే ఉంటాయి. ఆ రోజుల్లో వెళ్తే అవే తినండి. హోటల్లో రొయ్యలు ఎప్పుడైనా ఉంటాయి. అవి చాలావరకు చెరువుల్లో పెంచిన వెనామీ, సముద్రం రొయ్యలు కావు.

నిషేధం లేని రోజుల్లోనూ ఒకటి గుర్తుంచుకోండి. పెద్ద బోటు వేటకి పోతే రోజుల తరబడి సముద్రంలోనే ఉంటుంది, దాని చేప ఐసులో పడుకుని వస్తుంది. పొద్దున పోయి మధ్యాహ్నానికి తిరిగొచ్చే చిన్న పడవలో కానగంతలు దొరికితే, నేనైతే వంజరం వైపు చూడను.

ఇక పులస. దీని దగ్గర మాత్రం నాకు ఓపిక నశిస్తుంది. డిసెంబరులో, ఉప్పాడ సముద్రం ఒడ్డున, ‘పులస ఉందా?’ అని అడుగుతారు! సముద్రంలో ఉన్నంతసేపూ అది విలస. గోదావరికి వరద ఎర్రనీరు తగిలాక, జులై, ఆగస్టు నెలల్లో, గుడ్లు పెట్టడానికి వరదకి ఎదురీదుతూ నదిలోకి వస్తుంది. తీపినీళ్ళలో ఈదేకొద్దీ రుచి మారుతుంది, అప్పుడే అది పులస. ధవళేశ్వరం ఆనకట్ట దగ్గర దాని దారి ఆగిపోతుంది. అంటే ఆనకట్టకీ సముద్రానికీ మధ్య, వరద రోజుల్లో, నది వలలో పడిందే పులస. ఉప్పునీటి వలలో పడింది విలస. ఒడిశా నుంచి ఐసులో వచ్చిందీ విలసే. చేప ఒకటే కదా అంటారు. చేప ఒకటే, కానీ మీరు వేలు పోసేది చేపకి కాదు, అది ఈదొచ్చిన నీటికి. అమ్మే ఆవిణ్ణి ‘పులసేనా అమ్మా?’ అని అడక్కండి. ‘ఏ రేవులో పడింది, ఎప్పుడు పడింది?’ అని అడగండి. యానాం పక్క గోదావరి పాయ గౌతమిలో పడిందైతే చెప్పడానికి తడుముకోరు. విలస తినకూడదని కాదు, విలస ధరకి విలస కొనండి.

దసరా, దీపావళి మధ్య వెళ్తే యానాంలో చీరమేను, అంటే సన్నటి చేపపిల్లలు, దొరుకుతుంది. దాన్ని తూకం వెయ్యరు, కొలిచి అమ్ముతారు. మినప్పిండితో గారె వేయించుకోండి.

పొలుసు తియ్యడం, ముక్కలు కొట్టడం రేవులోనే చేసిస్తారు, దాని గురించి రాయను. పులుసు మాత్రం పొద్దున కాచి రాత్రికి తినండి.

అభ్యాసం: రెండు పొద్దులు రేవులో గడపండి. మొదటి రోజు ఏమీ కొనొద్దు. వేలం పాట జరుగుతుంటే నిలబడి పది రకాల పేర్లు, ఏది ఏ పడవలో వచ్చిందో రాసుకోండి. రెండో రోజు వంజరం, చందువా, రొయ్య కాకుండా, పేరు తెలియని చేప ఒకటి కొనండి. ఎలా వండాలో అమ్మినావిడనే అడగండి. ఆవిడ చెప్పినట్టే వండండి, మీ ఇంటి మసాలా ఒక్క చిటికె కూడా వెయ్యొద్దు.