ఇన్‌సెక్ట్ నెట్‌కి పట్టిన పాచిని వదిలించడం ఎలా?

పురుగులు రాకుండా మొక్కల చుట్టూ వానాకాలమంతా మిద్దె మీద కట్టి ఉంచిన తెల్ల నెట్, అక్టోబరు వచ్చేసరికి చెరువు మెట్లలా పచ్చగా తయారవుతుంది. సరిగ్గా అప్పుడే టమాట, క్యాబేజీ నారు నాటే పని మొదలవుతుంది. దాంతో చాలామంది కంగారుగా నెట్ దించి, దుప్పటి ఉతికినట్టు బండకేసి బాదేస్తారు. మూడు వారాల తర్వాత ‘నెట్ కట్టినా తెల్లదోమ (ఆకుల రసం పీల్చే చిన్న తెల్ల పురుగు) వచ్చిందండీ, అంతా మోసం’ అంటారు. ఈ మాట నేను ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు.

పాచి నెట్‌ని తినదు. తడి, దుమ్ము, కాస్త నీడ దొరికితే చాలు, దారం మీద పేరుకుంటుంది. నెట్ మీద నుంచే జీవామృతం (పేడ, గోమూత్రం, బెల్లం వేసి పులియబెట్టిన ఎరువు) చల్లేవాళ్లకి ఇంకా తొందరగా వస్తుంది, అందులోని బెల్లం వల్ల. కన్నాలు మూసుకుపోతే గాలి ఆడదు, వెలుతురు తగ్గుతుంది, లోపల మొక్క సన్నగా సాగిపోతుంది. అందుకే కడగాలి.

కావలసినవి: పెద్ద టబ్బు, గిన్నెలు తోమే లిక్విడ్, వంటసోడా, మెత్తటి స్పాంజి, పిల్లలు పళ్లు తోముకునే మెత్తటి బ్రష్, పాత దుప్పటి, నీళ్ల పైపు. అంతే. ఇనుప పీచు, కొబ్బరి పీచు, బట్టల బ్రష్ తీసుకెళ్లి లోపల పెట్టేయండి.

ముందు నెట్ విప్పి ఒక పూట ఎండలో పరవండి. పాచి ఎండి పొరలు పొరలుగా లేస్తుంది. ముక్కుకి గుడ్డ కట్టుకుని, ఇద్దరు చెరోవైపు పట్టుకుని దులపండి. తర్వాత 20 లీటర్ల గోరువెచ్చని నీళ్లలో నాలుగు చెంచాల లిక్విడ్, ఒక గుప్పెడు వంటసోడా కలిపి రాత్రంతా నానబెట్టండి. కాగే నీళ్లు పోయకండి, ప్లాస్టిక్ దారం ముడుచుకుపోవచ్చు. ఇంతవరకు ఎవరైనా చేస్తారు.

రుద్దే దగ్గరే వస్తుంది చిక్కంతా.

కూరగాయలకి మామూలుగా వాడేది 40 మెష్ నెట్. అంటే అంగుళం పొడవులో 40 కన్నాలు. తెల్లదోమ పట్టకుండా ఆపేది ఆ కన్నం చిన్నగా ఉండటమే. అడ్డంగా, నిలువుగా వెళ్లే దారాలు పక్కకి జరిగితే ఒక కన్నం మూసుకుని పక్క కన్నం రెండింతలవుతుంది. చిరగక్కర్లేదు, జరిగితే చాలు. చిరిగితే కనిపిస్తుంది, కుట్టుకుంటాం. జరిగింది కనిపించదు.

నేను మొదటి ఏడాది చేసిన ఘనకార్యం ఇదే. కొబ్బరి పీచు పెట్టి గుండ్రంగా, గిన్నె తోమినట్టు తోమాను. నెట్ తళతళలాడింది. ఇంట్లోవాళ్లందరికీ చూపించుకున్నాను. నెల తిరిగేసరికి పదహారు టమాట మొక్కలకీ ఆకుముడత. ఆకుముడత తెచ్చే వైరస్‌ని మోసుకొచ్చేది తెల్లదోమే. నెట్‌ని ఎండకి ఎత్తి పట్టుకుని చూస్తే అప్పుడు తెలిసింది, ముగ్గు చెరిపినట్టు దారాలన్నీ వంకరలు పోయాయి.

కాబట్టి ఇలా చేయండి. కింద పాత దుప్పటి పరిచి, దాని మీద నెట్‌ని ఒక్క పొరగా, ముడతల్లేకుండా వేయండి. గరుకు సిమెంటు మీద నేరుగా వేస్తే రెండు వైపుల నుంచీ గీరుకుంటుంది. స్పాంజిని సబ్బునీళ్లలో ముంచి ముందు ఊరికే అద్దండి. అద్ది, ఒక నిమిషం ఆగి, నెట్ పొడవు వెంబడి ఒకే దిక్కుకి లాగండి. వెనక్కి రావొద్దు. స్పాంజి ఎత్తి మళ్లీ మొదటి నుంచి లాగాలి. అడ్డంగా వద్దు, గుండ్రంగా అసలే వద్దు. మీ చెయ్యి బరువు చాలు, నొక్కక్కర్లేదు. నొక్కాల్సి వస్తోందంటే ఇంకా నానలేదని అర్థం, మళ్లీ టబ్బులో పడేయండి. ఒక చదరపు మీటరుకి నాకు పది నిమిషాలు పడుతుంది. మీరు రెండు నిమిషాల్లో చేశారంటే తప్పు చేశారనే అనుకుంటాను. బ్రష్ అంచు కుట్ల దగ్గర మాత్రమే, అదీ తడిపి.

నీళ్లు పిండటానికి మెలిపెట్టకండి. ఆ ఒక్క మెలికతో ఇప్పటిదాకా పడ్డ కష్టమంతా పోతుంది.

కార్లు కడిగే ప్రెషర్ మెషీన్‌తో ఐదు నిమిషాల్లో అయిపోతుందని చెప్పేవాళ్లున్నారు. అయిపోతుంది, నెట్టే అయిపోతుంది.

ఇక బ్లీచింగ్ పౌడర్. తెల్లగా వస్తుంది, కాదనను. కానీ ఎండకి తట్టుకునేందుకు దారంలో కలిపే మందుని క్లోరిన్ దెబ్బతీస్తుంది. ఆ తర్వాత ఎండలకి నెట్ తొందరగా పెళుసుబారుతుంది. ఆ నీళ్లు కుండీల్లో పడితే మట్టికీ మంచిది కాదు. బ్లీచింగ్ చాల్లేదని బాత్‌రూమ్ కడిగే యాసిడ్ కూడా కలిపేవాళ్లకి మాత్రం చేతులెత్తి దణ్ణం పెడతాను. ఆ రెండూ కలిస్తే క్లోరిన్ గ్యాస్ వస్తుంది. అది ప్రాణాల మీదకి తెస్తుంది.

మొండి మచ్చలుంటే మెడికల్ షాపులో దొరికే హైడ్రోజన్ పెరాక్సైడ్ వాడండి. సీసా మీద 6 శాతం అని ఉంటే సమానంగా నీళ్లు కలపండి. చేతికి గ్లౌజులు వేసుకుని మచ్చ మీద అద్దితే బుసబుసా నురగ వస్తుంది. పావుగంట ఆగి కడిగేయండి. ఆ మందు చివరికి నీళ్లుగా, ఆక్సిజన్‌గా విడిపోతుంది కాబట్టి నాకు భయం లేదు. అయినా లేత పచ్చ మరక కొంచెం మిగులుతుంది. మిగలనివ్వండి. నెట్‌ని పెళ్లి పందిట్లో కట్టబోవడం లేదు కదా.

కడిగేటప్పుడు లోపలి వైపు నుంచి బయటికి నీళ్లు కొట్టండి. నీళ్లు డ్రైన్‌లోకి పోవాలి. సబ్బు, సోడా కలిసిన నీళ్లు కుండీలకి పోయొద్దు. పాచి నీళ్లు పడిన టైల్స్ మీద కాలు జారుతుంది, చెప్పులు చూసుకుని నడవండి.

అయ్యిందో లేదో తెలుసుకోవడానికి గ్లాసుడు నీళ్లు నెట్ మీద పోయండి. గబగబా దిగిపోతే సరే. అద్దంలా పొర కట్టి నిలబడితే ఆ చోట ఇంకా జిగురుంది. తర్వాత ఎండకి ఎత్తి చూడండి, గళ్లన్నీ ఒకేలా ఉండాలి. ఎక్కడైనా పెద్దగా కనిపిస్తే చిన్న ముక్క మరో పొరగా వేసి నైలాన్ దారంతో కుట్టేయండి.

తీగ మీద వేసి పూర్తిగా ఆరనివ్వండి. వెంటనే కట్టేదైతే కట్టేయండి. దాచేదైతే అంచు మడతల్లో చెయ్యి పెట్టి చూడండి, పైన ఆరినా అక్కడ తడి ఉంటుంది. నేను రెండో రోజు కూడా ఆరేసి, చాపలా చుట్టి, ఎలుకలు కొరక్కుండా మూతున్న ప్లాస్టిక్ డ్రమ్ములో పెడతాను.