ఫ్లాటు హాలుకు తగిన హోమ్ థియేటర్: పరిమిత ఖర్చులో స్పీకర్ల ఎంపిక

హోమ్ థియేటర్ కొనదలచినవారు దుకాణానికి బయలుదేరే ముందు టేపు తీసుకుని తమ హాలును కొలిచి చూసుకోవడం మంచిది. విజయవాడలో పటమటలోనో, భవానీపురంలోనో ఒక రెండు పడకగదుల ఫ్లాటును ఉదాహరణగా తీసుకుందాం. హాలు 11 అడుగుల వెడల్పు, 16 అడుగుల పొడవు ఉంటుందనుకుంటే, ఒక పక్క భోజనాల బల్ల వైపు గోడ ఉండదు, మరో పక్క బాల్కనీకి జారుడు అద్దాల తలుపు ఉంటుంది, కింద నున్నటి టైల్స్, పైన స్లాబు, సోఫా చూస్తే వెనక్కి అంగుళం కూడా జరగనట్టు గోడకు ఆనుకుని ఉంటుంది. దుకాణంలో తివాచీ పరిచిన డెమో గదిలో కమ్మగా మోగిన సెట్టు ఈ హాలుకు వచ్చేసరికి బావిలోంచి మాట్లాడుతున్నట్టు వినిపిస్తే, తప్పు చాలావరకు గదిదే. టీవీ గోడ నుంచి కూర్చునే చోటు ఎంత దూరం, టీవీకి రెండు పక్కలా ఎంత ఖాళీ ఉంది, సోఫాకు ఇరువైపులా స్పీకరు బిగించడానికి గోడ ఉందా లేదా, ప్లగ్గులు ఎక్కడున్నాయి అన్నవి ఒక కాగితం మీద రాసుకోవాలి. దుకాణదారు ఆరు స్పీకర్ల సెట్టు చూపించినప్పుడు ఆ కాగితం జేబులో ఉంటే వెనక స్పీకర్లు మీ ఇంట్లో ఎక్కడ పెడతారో మీకు వెంటనే తెలుస్తుంది.

తరువాత హాలు మధ్యలో నిలబడి ఒకసారి గట్టిగా చప్పట్లు కొట్టి వినండి. చప్పుడు చటుక్కున ఆగిపోకుండా సన్నగా గణగణమంటూ సాగితే, ఆ గదిలో ఎంత ఖరీదైన స్పీకరు పెట్టినా మాటల చివరి అక్షరాలు ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. దీనికి విరుగుడు పెద్ద ఖర్చుతో కూడినది కాదు. అద్దాల తలుపుకు నేలను తాకే మందపాటి పరదా, టీవీకి సోఫాకు మధ్య ఒక జంపఖానా, ఎదురు గోడకు పుస్తకాల అలమర, దివాను మీద నాలుగు దూది దిండ్లు ఉంటే తేడా చెవికి స్పష్టంగా తెలుస్తుంది. అయితే పరదాలు, దిండ్లు పై స్థాయి శబ్దాలనే పీల్చుకుంటాయి. బేస్ శబ్దాన్ని అవి ఆపలేవు కనుక దాని సంగతి విడిగా చూసుకోవాలి.

ఇక ఇంట్లో రోజూ వినేది ఏమిటో ఆలోచించాలి. 5.1 అంటే ముందు కుడి, ఎడమ, వాటి మధ్య సెంటర్, శ్రోతకు ఇరుపక్కలా కాస్త వెనక్కి రెండు సరౌండ్‌లు, లోతైన బేస్ కోసం ఒక సబ్‌వూఫర్. సినిమాను 5.1లో మిక్స్ చేసేటప్పుడు మాటలన్నీ దాదాపుగా సెంటర్ చానెల్‌లోనే పెడతారు. మన ఇళ్లలో నడిచే వార్తలు, సీరియళ్లు, పాత సినిమాలు మాత్రం చాలావరకు స్టీరియోనో, మోనోనో అయి ఉంటాయి కనుక, ఓటీటీలో చూసే కొత్త సినిమాలు మినహాయిస్తే వెనక స్పీకర్లకు సొంతంగా పని ఉండేది తక్కువే. కాబట్టి నా సలహా ఒక్కటే: డబ్బు పరిమితంగా ఉన్నప్పుడు దానిలో సింహభాగం ముందువైపు స్పీకర్లకే పెట్టాలి, వెనకవి తరువాత చేర్చుకోవచ్చు. అయిదు నాసిరకం స్పీకర్ల మధ్య కూర్చుని ‘ఏమన్నాడు?’ అని పక్కవారిని అడుగుతూ సినిమా చూడటం కంటే, మూడింటితో ప్రతి మాటా తేటగా వినడం మేలు.

వాట్ల విషయంలో మోసపోయినంతగా కొనుగోలుదారులు మరే విషయంలోనూ మోసపోరు. నేను మొదటిసారి కొన్న సెట్టు అట్టపెట్టె మీద 10,000 వాట్లు అని అడుగు పొడుగు అక్షరాలతో ఉండేది. వెనకవైపు అతికించిన చిన్న కాగితం మీద, అది కరెంటు నుంచి తీసుకునేది 60 వాట్లని రాసి ఉంది. తీసుకున్నదానికంటే ఎక్కువ శక్తిని నిరంతరంగా బయటకు ఇచ్చే యంత్రం లోకంలో లేదన్న సంగతి నాకు ఇంటికి వచ్చాక తట్టింది. అంచు డాబే కానీ పంచె డాబు లేదన్న సామెత క్షణకాలపు శిఖర శక్తిని చెప్పే పీఎంపీఓ అన్న ఆ కొలత కోసమే పుట్టిందనిపిస్తుంది. చూడవలసింది ఆర్‌ఎంఎస్ సంఖ్యను, అంటే ఆగకుండా ఇవ్వగల శక్తిని. అదీ ఏ పరిస్థితిలో కొలిచారో చదివి. ఒకే చానెల్‌ను నడిపి, 1 కిలోహెర్ట్జ్ దగ్గర, 10 శాతం వక్రీకరణతో (అసలు శబ్దం రూపు చెడటంతో) కొలిచిన 100 వాట్లకూ, రెండు చానెళ్లను నడిపి, 20 నుంచి 20,000 హెర్ట్జ్ వరకు (అంటే చెవికి వినబడే శబ్దాలన్నింటికీ), 0.1 శాతం లోపు వక్రీకరణతో కొలిచిన 50 వాట్లకూ పోలిక పెడితే రెండోదే నికరమైనది.

వాట్ల కంటే ఎక్కువ తెలియజేసే అంకె మరొకటి ఉంది, దాన్ని సెన్సిటివిటీ అంటారు. ఒక వాటు ఇచ్చినప్పుడు ఒక మీటరు దూరంలో స్పీకరు ఎన్ని డెసిబెళ్ల శబ్దం చేస్తుందో అది చెబుతుంది. 85 డెసిబెళ్ల స్పీకరుకు 40 వాట్లు ఇస్తే ఎంత శబ్దం వస్తుందో, 88 డెసిబెళ్ల స్పీకరుకు 20 వాట్లిస్తే దాదాపు అంతే వస్తుంది, ఎందుకంటే మూడు డెసిబెళ్ల పెరుగుదలకు రెట్టింపు శక్తి కావాలి. 88 డెసిబెళ్ల స్పీకరుకు 10 వాట్లిచ్చి మూడు మీటర్ల దూరంలోని సోఫా మీద కూర్చుంటే, గోడల ప్రతిఫలనాన్ని పక్కన పెట్టినా 88 డెసిబెళ్ల పైచిలుకు వినిపిస్తుంది. అది ఇంట్లో ఇద్దరు మాట్లాడుకోవాలంటే గొంతు పెంచవలసినంత శబ్దం. ఉన్నట్టుండి వచ్చే పేలుళ్ల కోసం కొంత మిగులు ఉంచుకున్నా, నిజాయితీగల 50 వాట్లు మన హాలుకు ధారాళంగా సరిపోతాయి. స్పీకరు మీద 4, 6, 8 అని రాసి ఉండే ఓములు (కరెంటుకు స్పీకరు చూపే నిరోధం) ఆంప్లిఫయర్ అనుమతించే కనిష్ఠ స్థాయి కంటే తక్కువ కాకుండా చూసుకుంటే చాలు.

ధరలు పండుగ రాయితీలను బట్టి మారుతూ ఉంటాయి కనుక కింది మొత్తాలను ఉజ్జాయింపుగానే తీసుకోవాలి. 15,000 రూపాయల లోపు అయితే విడి భాగాల జోలికి పోకుండా, సబ్‌వూఫర్‌తోనూ నిజమైన వెనక స్పీకర్లతోనూ వచ్చే సౌండ్‌బార్ (టీవీ కింద పెట్టే పొడవాటి స్పీకరు) సెట్టును తీసుకోవడం సబబు. పెట్టె మీద 5.1 అని ఉన్నా లోపల ఒక బారు, ఒక వూఫర్ మాత్రమే ఉండవచ్చు కనుక, లోపలి వస్తువుల జాబితా చదివి స్పీకర్లను లెక్కపెట్టుకోవాలి. హెచ్‌డీఎంఐ ఏఆర్‌సీ (టీవీ శబ్దాన్ని హెచ్‌డీఎంఐ తీగ మీదే సౌండ్‌బార్‌కు పంపే ఏర్పాటు) ఉండటం తప్పనిసరి. టీవీ రిమోటుతోనే శబ్దం పెంచి తగ్గించగలిగితేనే ఇంట్లో పెద్దవారు దాన్ని వాడతారు. శబ్దాన్ని వెలుగు రూపంలో పంపే ఆప్టికల్ తీగ కూడా డాల్బీ డిజిటల్ 5.1 అనే శబ్ద రూపాన్ని మోయగలదు కానీ ఓటీటీలు ఎక్కువగా వాడే డాల్బీ డిజిటల్ ప్లస్‌ను మోయలేదు. బ్లూటూత్‌ను పాటలకు పరిమితం చేయడం మంచిది, ఎందుకంటే దానిలో మాట పెదవుల కంటే ఆలస్యంగా రావచ్చు.

25,000 నుంచి 30,000 వరకు పెట్టగలిగినవారికి నేను చెప్పేది కొందరికి రుచించదు: ఒక మంచి స్టీరియో ఆంప్లిఫయర్, అయిదు లేదా ఆరున్నర అంగుళాల వూఫరున్న రెండు బుక్‌షెల్ఫ్ (అరలోనో స్టాండు మీదో పట్టే చిన్న) స్పీకర్లు కొని అక్కడితో ఆగండి. పిట్ట కొంచెం కూత ఘనం అన్నట్టు, ఆ రెండే అదే ధరకు వచ్చే ఆరు డబ్బాల సెట్టు కంటే గొంతులను సహజంగా వినిపిస్తాయి. పాటలు వినేవారికైతే పోలికే ఉండదు. టీవీ సౌండ్ సెట్టింగులో పీసీఎం (కుదించని మామూలు శబ్ద రూపం) ఎంచుకోవడం మరవకూడదు, లేకపోతే ఆప్టికల్ తీగ పెట్టినా మౌనమే వినిపించవచ్చు. ఈ ఏర్పాటుకు ఒక లోపం ఉంది. మధ్యలో కూర్చున్నవారికి మాట తెర నడిమి నుంచి వస్తున్నట్టు అనిపిస్తుంది, సోఫా చివరన కూర్చున్నవారికి మాత్రం దగ్గరున్న స్పీకరు నుంచే వస్తున్నట్టు ఉంటుంది. ఆదివారం సాయంత్రం ఆరేడుగురు చేరే ఇల్లయితే సెంటర్ స్పీకరు అవసరమే.

60,000 వరకు వెళ్లగలిగితే ఏవీ రిసీవర్ (సినిమా శబ్దాన్ని విడదీసి అన్ని స్పీకర్లనూ నడిపే ఆంప్లిఫయర్) దారి పట్టవచ్చు. ప్రాథమిక స్థాయి 5.1 రిసీవర్‌కు దాదాపు సగం పోగా, మిగిలినదానితో ఒకే కంపెనీ ఒకే శ్రేణికి చెందిన ముందు మూడు స్పీకర్లు కొనాలి. సెంటర్ ఒక శ్రేణిదీ, పక్కవి మరో శ్రేణివీ అయితే తెర మీద ఎడమ నుంచి కుడికి నడిచే మనిషి గొంతు మధ్యలో మారిపోతుంది. సెట్టింగులో సబ్‌వూఫర్ లేదని చెబితే దాని వంతు బేస్‌ను రిసీవరే ముందు స్పీకర్లకు మళ్లిస్తుంది. ఆరు నెలల తరువాత సబ్‌వూఫర్, ఆ పైన సరౌండ్‌లు చేర్చుకోవచ్చు. సబ్‌వూఫర్ వచ్చాక క్రాసోవర్‌ను (ఏ స్థాయికి దిగువ శబ్దం సబ్‌వూఫర్‌కు వెళ్లాలో చెప్పే సెట్టింగును) 80 హెర్ట్జ్ దగ్గర పెట్టి మొదలుపెట్టండి. పైకప్పుకు శబ్దం కొట్టి తిరిగి రప్పించే అట్మాస్ స్పీకర్లను ఈ ఖర్చులో వదిలేయడమే మంచిది. మెట్లు మెట్లుగా ఫాల్స్ సీలింగ్ చేయించుకున్న హాలులో అవి సరిగా పనిచేయడం కష్టం.

దుకాణంలో వినడానికి వెళ్లేటప్పుడు, మీకు ప్రతి మాటా కంఠస్థమైన ఒక సన్నివేశాన్ని, ఒక పాటను పెన్‌డ్రైవ్‌లో తీసుకువెళ్లండి. అమ్మేవారు హోరుమని పేలుళ్లు వినిపిస్తారు. మీరు శబ్దం బాగా తగ్గించమని అడిగి, ఆ తక్కువ స్థాయిలో మాట అర్థమవుతోందో లేదో చూడండి. పాత స్పీకర్లు కొనేవారు ముందున్న శంకువులాంటి కోను చుట్టూ ఉండే అంచును వేలితో మెల్లగా తాకి చూడాలి. కృష్ణ ఒడ్డు ఉక్కపోతలో ఏళ్ల తరబడి ఉన్న ఫోమ్ అంచు వేలికి పొడిపొడిగా అంటుకుంటే, ఎంత చవకగా ఇచ్చినా వద్దని రావాలి.

సబ్‌వూఫర్‌ను ఎక్కడ పెట్టాలన్నది దాని ఖరీదు కంటే ముఖ్యం. బేస్ తరంగాలు ఎదురెదురు గోడల మధ్య నిలిచిపోయి కొన్నిచోట్ల ఉబ్బుతాయి, కొన్నిచోట్ల మాయమవుతాయి. 16 అడుగుల పొడవుకు ఇది సుమారు 35 హెర్ట్జ్ దగ్గర, 11 అడుగుల వెడల్పుకు 51 దగ్గర మొదలవుతుంది. సరైన చోటు కనుక్కోవడానికి ఒక చిట్కా ఉంది. సబ్‌వూఫర్‌ను మీరు కూర్చునే సోఫా మీదే పెట్టి, బేస్ నడక స్పష్టంగా ఉన్న పాట ఒకటి మోగించి, గోడల వెంట మోకాళ్ల మీద పాకుతూ వినండి. బేస్ ఎక్కడ ఉబ్బకుండా, తగ్గకుండా సమంగా వినిపిస్తుందో ఆ చోటే దానికి స్థానం. ఇంట్లోవారు నవ్వుతారు, నవ్వనివ్వండి.

స్పీకర్లు అమర్చేటప్పుడు మొదటి శత్రువు టీవీ యూనిట్. వడ్రంగి ముందే అందంగా కట్టిన గూడులోకి సెంటర్ స్పీకరును తోసేస్తే మాట బొంగురుపోతుంది. దాని ముఖం గూటి అంచుకు సమంగా ముందుకు ఉండాలి, కింద ఉంటే కాస్త పైకి వంచాలి. రిసీవర్‌ను తలుపులున్న అరలో బంధిస్తే రోహిణి కార్తెలో అది దానంతట అదే ఆగిపోవడం ఖాయం. మీరు తొమ్మిది అడుగుల దూరంలో కూర్చుంటే ముందు స్పీకర్ల మధ్య ఏడు నుంచి తొమ్మిది అడుగులు ఉండాలి. సోఫా గోడకు ఆనుకుని ఉన్నవారు సరౌండ్‌లను తల వెనక పెట్టకుండా, సోఫాకు ఇరుపక్కల చెవికి రెండు అడుగుల పైన బిగించుకోవాలి. భోజనాల బల్ల వైపు గోడ లేకపోతే అటువైపు స్టాండు మీద నిలబెట్టవచ్చు. తీగ 16 గేజీ రాగిది చాలు. దాని పోగును బ్లేడుతో గీరితే లోపల తెల్లగా కనబడితే అది రాగి పూత పూసిన అల్యూమినియం. ఎరుపు, నలుపు కొనలు ఒక స్పీకరుకు తారుమారైతే బేస్ పలచబడి గొంతులు గాలిలో తేలినట్టుంటాయి. నేను ఒక వారమంతా దాన్ని స్పీకరు లోపమే అనుకున్నాను. తీగను ఆంప్లిఫయర్ నుంచి విప్పి, దాని కొనలకు గడియారంలో వేసే ఒకటిన్నర వోల్టు బ్యాటరీని క్షణం పాటు తాకిస్తే, ధనధ్రువం ఎరుపుకు తగిలినప్పుడు వూఫరు కోను ముందుకు కదలాలి.

అంతా కలిపాక సన్నగా ‘గూం’ మనే మోత నిలిచిపోతే కేబుల్ టీవీ తీగను సెట్‌టాప్ బాక్సు నుంచి ఊడదీసి చూడండి; మోత ఆగితే అది ఎర్తుల తేడా వల్ల వచ్చినది. కరెంటు పోయి ఇన్వర్టరు మీద ఉన్నప్పుడే మోగితే, అది స్క్వేర్ వేవ్ ఇన్వర్టరు (కరెంటును నున్నటి అలగా కాక మెట్లుగా ఇచ్చేది) కావచ్చు.

మన దేశంలో 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నియమాల ప్రకారం నివాస ప్రాంతాల్లో రాత్రి 10 గంటల నుంచి ఉదయం 6 వరకు పరిమితి 45 డెసిబెళ్లు. పైన చెప్పినట్టు బేస్‌ను పరదాలు ఆపవు, స్లాబు కూడా పూర్తిగా ఆపదు. సబ్‌వూఫర్ కింద మందపాటి రబ్బరు షీటు వేయండి. సెట్టులో నైట్ మోడ్ ఉంటే అది పేలుళ్లను అణచి మాటలను పైకి తెస్తుంది. ఒక రాత్రి ఇంట్లో ఒకరిని కింది అంతస్తులో పొరుగువారి గుమ్మం దగ్గర నిలబెట్టి, వారికి బేస్ వినబడని స్థాయి వరకు తగ్గించుకుంటూ వచ్చి, అప్పుడు తెర మీద కనిపించే అంకెను చీటీ మీద రాసి రిమోటు వెనక అతికించండి.