హైవే ఎక్కగానే ఆటోమేటిక్ కారు వణుకుతోందా? గేర్‌బాక్స్ విప్పించే ముందు ఇవి చూడండి

బెంగళూరు ట్రాఫిక్‌లో ఈ జబ్బు బయటపడదు. సిల్క్ బోర్డు దగ్గర పాకుతున్నంతసేపూ కారు బాగానే ఉంటుంది. పండక్కి అనంతపురం బయల్దేరి, దేవనహళ్లి దాటి 70లో నిలకడగా పోతుంటే, రంబుల్ స్ట్రిప్స్ మీద వెళ్తున్నట్టు సన్నటి వణుకు మొదలవుతుంది.

ఈ వణుకుకు తరచూ కారణం ఇంజిన్‌కూ గేర్‌బాక్స్‌కూ మధ్య ఉండే టార్క్ కన్వర్టర్. దాంట్లో ఇంజిన్ శక్తిని గేర్‌బాక్స్‌కు అందించేది ఆయిల్. అందులో కొంత జారుడు తప్పదు. వేగం నిలకడగా ఉన్నప్పుడు లోపలి క్లచ్ రెండింటినీ కలిపి పట్టేస్తుంది. అదే లాకప్. క్లచ్ పూర్తిగా పట్టక జారితే వణుకు. అసలు పట్టకపోతే ఆర్‌పీఎం ఎక్కువ, మైలేజీ తక్కువ. పట్టు వదలకపోతే సిగ్నల్ దగ్గర ఇంజిన్ ఆగిపోతుంది. ఏఎంటీ (మాన్యువల్ గేర్‌బాక్స్‌నే యంత్రం నడిపే రకం) కార్లలో ఈ కన్వర్టర్ ఉండదు, వాటి వణుకు వేరే లెక్క.

ముందు బ్రేకు పరీక్ష. ఇంజిన్ బాగా వేడెక్కాక, ఖాళీ రోడ్డులో, వెనక బండి లేనప్పుడు, యాక్సిలరేటర్ కదపకుండా ఎడమ పాదంతో బ్రేకు పెడల్‌ను తాకండి. బ్రేకు లైటు వెలిగితే చాలు, లాకప్ వదిలేస్తుంది. ఎడమ కాలికి అలవాటుండదు, గట్టిగా తొక్కేస్తుంది, కాబట్టి ఆగి ఉన్న కారులో ముందు సాధన చేయండి. ఆర్‌పీఎం ముల్లును పక్కన కూర్చున్నవారు చూడాలి. ముల్లు కాస్త లేచి, వణుకు టక్కున ఆగితే అనుమానం లాకప్ మీదే. వణుకు అలాగే ఉంటే స్పార్క్ ప్లగ్గులు, కాయిల్స్, ఇంజిన్ మౌంట్లు చూపించండి.

తర్వాత స్కాన్, అంటే కారు కంప్యూటర్‌లో నమోదైన లోపాల కోడ్‌లు గ్యారేజీలో చదివించడం. పీ0741 వస్తే క్లచ్ పట్టడం లేదని, పీ0742 అయితే వదలడం లేదని అర్థం. కోడ్ చూసి కన్వర్టర్ పోయిందని తేల్చేయకండి. బ్రేకు స్విచ్ చెడినా, ఇంజిన్ వేడిని అదుపు చేసే థర్మోస్టాట్ తెరుచుకునే ఉండిపోయి ఇంజిన్ వేడెక్కకపోయినా లాకప్ పట్టదు.

ఇక గేర్‌బాక్స్ ఆయిల్. తెల్ల కాగితం మీద ఒక చుక్క వేయించి చూడండి. చాలా ఆయిల్స్ కొత్తలో ఎర్రగా, తేటగా ఉంటాయి. నల్లబడి మాడు వాసన వస్తే అది కాలిపోయినట్టే. మాన్యువల్‌లో చెప్పిన గ్రేడే పోయించండి. సీవీటీ (గేర్లకు బదులు బెల్టు, పుల్లీలతో నడిచే రకం) ఆయిల్ వేరు. ఒకసారి డ్రెయిన్ చేస్తే పాతదంతా రాదు, కన్వర్టర్‌లో చాలావరకు మిగిలిపోతుంది. మా కారుకు కన్వర్టర్ మార్చాల్సిందే అన్నారు. కొన్ని రోజుల తేడాతో రెండుసార్లు ఆయిల్ మార్పిస్తే వణుకు పోయింది.

అయినా తగ్గకపోతే లాకప్‌కు ఆయిల్‌ను వదిలే కరెంటు వాల్వ్ (సాలినాయిడ్), దాని వైరింగ్, గేర్‌బాక్స్‌లో ఆయిల్‌ను దారి మళ్లించే వాల్వ్ బాడీ చూపించాలి. కాగితం మీద లోహపు తళుకులు కనిపిస్తే మాత్రం కన్వర్టర్ ఖర్చుకు సిద్ధపడాలి. అప్పుడు ఆయిల్ కూలర్‌ను కూడా ఫ్లష్ చేయించండి. అందులో మిగిలిన పొడి కొత్తదాన్నీ తినేస్తుంది.