పూడిక మట్టి తోలించే ముందు

చెరువులు ఎండగానే ట్రాక్టర్లు బారులు తీరతాయి. మృగశిర కార్తె లోపు మట్టి తోలడం ముగించాలని అందరికీ తొందర. ఎర్ర చెల్కలకు, ఇసుక దుబ్బలకు పూడిక మట్టి మేలు చేసే మాట నిజమే. తేమ నిలుస్తుంది, ఎరువుల ఖర్చూ కొంత తగ్గుతుంది. నల్లరేగడికి మాత్రం దానితో పెద్దగా పని లేదు.

తోలించే ముందు చెరువుకు ఎగువన ఏముందో ఒకసారి నడిచి చూడండి. ఫ్యాక్టరీల నీళ్లో, పట్నం మురుగో కలిసే చెరువైతే ఉచితంగా ఇచ్చినా ఆ మట్టి వద్దు. పటాన్‌చెరు, బొల్లారం ప్రాంతాల పారిశ్రామిక వ్యర్థజలాలు ఏళ్ల తరబడి నక్కవాగు పాలయ్యాయి. పటాన్‌చెరు నేలల్లో ఆర్సెనిక్, క్రోమియం వంటివి ఎక్కువగా ఉన్నట్టు హైదరాబాద్‌లోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు గుర్తించారు. ఏటా రంగుల విగ్రహాలు నిమజ్జనం చేసే చెరువులనూ అనుమానించాల్సిందే. ఆ రంగుల్లో సీసం ఉండవచ్చు.

సీసం, ఆర్సెనిక్ వంటి భారలోహాలకు వాసన ఉండదు, రంగు తెలియదు. భూసార కార్డు చూసి ధీమా పడకండి. అందులోని 12 అంశాల్లో పోషకాలు, లవణాలు, సేంద్రియ కర్బనం వంటివే ఉంటాయి. సీసం, కాడ్మియం, ఆర్సెనిక్ ఉండవు. వాటి పరీక్ష విడిగా అడిగి చేయించుకోవాలి. ఖర్చు ఎక్కువే కాబట్టి ఊరంతా కలిసి చేయిస్తే మంచిది. వాగు కలిసే చోట, చెరువు మధ్యలో, తూము దగ్గర వేర్వేరుగా నమూనాలు తీయండి. ప్లాస్టిక్ బకెట్ వాడండి. రేకు బకెట్‌కు ఉండే జింకు పూత మట్టికి అంటితే లెక్క తప్పుతుంది.

మట్టి బాగుందని తేలినా పూడిక పొర వరకే తీయాలి. అడుగు గట్టి నేల తగిలాక ఇంకా తవ్వితే మిగిలేది పిల్లలు పడే గుంతే. సిరంజీలు, గాజుపెంకులు కనిపిస్తే కూలీలను వట్టి కాళ్లతో దించకండి.

అనుమానమున్న మట్టిని ఇప్పటికే తోలించేశారా? దున్ని కలపకముందే కుప్పలు ఎత్తించేయండి, ఒకసారి కలిశాక లోహాలను విడదీయడం రైతు వల్ల అయ్యే పని కాదు. కలిసిపోయి ఉంటే ఆకుకూరలు వేయవద్దు; పాలకూర కాడ్మియాన్ని సులువుగా పీల్చుకుంటుంది, ఆ కూర తిన్నవారి మూత్రపిండాల్లో కాడ్మియం ఏళ్ల తరబడి పేరుకుంటుంది. నీళ్లు నిలిపితే ఆర్సెనిక్ వరి గింజలోకి చేరుతుంది. పరీక్ష ఫలితం వచ్చేదాకా అక్కడ పత్తి వేసుకోండి.