నైలు క్రూజ్‌లో బాల్కనీ గదికి డబ్బు పోసేముందు

మా తిరుపతిలో రిటైరైనవాళ్ళు కాశీ, చార్‌ధామ్ అయ్యాక ఈమధ్య ఈజిప్టు పేరెత్తుతున్నారు. లక్సర్ నుంచి అస్వాన్‌కి లగ్జరీ క్రూజ్ అనుకుంటుంటే ఒక మాట. బాల్కనీ గది అని ఎగబడొద్దు. అక్కడి రేవుల్లో పడవల్ని పక్కపక్కనే ఆనించి కట్టేస్తారు. అప్పుడు మీ బాల్కనీలోంచి కనబడేది నది కాదు, పక్క పడవలో ఎవరిదో కిటికీ పరదా! ఒడ్డుకు దిగాలన్నా ఆ పడవల లాబీల్లోంచే నడవాలి. పడవ కదిలేటప్పుడు పై డెక్ మీద కూర్చోండి, రెండు గట్లూ కనిపిస్తాయి.

ఎడ్ఫు, కోమ్ ఓంబో గుళ్ళు దారిలోనే, వాటికి బెంగలేదు. అబు సింబెల్ గుడి ప్యాకేజీలో ఉందా అని మాత్రం గట్టిగా అడగండి. చాలావాటిలో ఉండదు. అది అస్వాన్‌కి దక్షిణాన దాదాపు 280 కిలోమీటర్లు, మధ్యలో ఆనకట్ట అడ్డం, ఈ పడవలు పోలేవు. తెల్లారకముందే బస్సెక్కాలి. సుప్రభాత సేవకు లేచి కొండెక్కే మనకు అదో లెక్కా!

వదులుకోవద్దని ఎందుకంటున్నానంటే, మన నాగలాపురం వేదనారాయణ స్వామి మీద మార్చిలో సూర్యకిరణాలు పడతాయి చూడండి, అక్కడా అంతే. ఏటా ఫిబ్రవరి 22, అక్టోబర్ 22 ప్రాంతంలో పొద్దుటెండ గర్భగుడి దాకా పోతుంది. 1960ల్లో నీట మునగకుండా ఆ గుడిని కోసి పైకి జరిపినా ఆ లెక్క పెద్దగా తప్పలేదు.

వేసవిలో మాత్రం పోవద్దు. ఆ ఎండ ముందు మన రేణిగుంటే నయం.